నాలుగుంబావు కూత

మా సందులో లియావ్ ఎంబ్రాయిడరీ దుకాణం ముందు నుంచి తెల్లవారుజామున ఎవరూ నడవరు. స్కూటర్ మీద పోయేవాళ్లు కూడా అక్కడికి వచ్చేసరికి బండి వేగం పెంచుతారు. ఆ షట్టర్‌కి అంత చెడ్డపేరు.

నేను దెయ్యాలను నమ్మేదాన్నే, ముందే చెబుతున్నా. నమ్మనని గొప్పలు పోయేవాళ్లెవరూ మూడున్నరకి లేచి సోయా గింజలు రుబ్బుకోరు. మా సాన్‌చోంగ్ పేటలో ఆ వేళకి మెలకువగా ఉండేది టిఫిను దుకాణంవాళ్లం మేమూ... వాళ్లూనూ.

లియావ్ జిన్‌షుయి గుడి తెరలూ, ఊరేగింపు జెండాలూ కుట్టేవాడు. పోయిన వేసవిలో మిషను ముందు కుర్చీలోనే, దారం మారుస్తూ మారుస్తూ పోయాడు. ఆ రోజు దించిన షట్టర్ మళ్లీ లేవలేదు. భార్య పై అంతస్తులో ఉంటుంది. సందులో అందరికీ ఆమె లియావ్ వదిన. శవాన్ని సాగనంపిన రోజున కూడా ఆమె కంట చుక్క నీరు రాలేదు. ఆ తర్వాత ఎవరు పలకరించినా తల ఊపుతుంది, అంతే.

నెల తిరక్కుండానే మొదలైంది.

నాలుగుంబావు... సందంతా చీకటి... మూసిన షట్టర్ వెనకాల "టీ—" అని ఒక్క కూత. వెంటనే షట్టర్ కింది సందులోంచి నీలం వెలుగు. అది ఆరింటిదాకా ఉండి ఆరిపోతుంది.

ఆ కూత నాకు కొత్త కాదు. జిన్‌షుయి పాత కంప్యూటర్ లేచేటప్పుడు వేసే కూత అది. మిషను సూదులన్నిటినీ ఆడించేది ఆ కంప్యూటరే. పదహారేళ్లు ఎదురు దుకాణంలో నేను ఆ కూత వినే పెనం పొయ్యి మీద పెట్టాను. ఇప్పుడు మనిషి లేడు, కూత మాత్రం ఉంది. మా పంచాంగం ప్రకారం ఏడో నెలలో తిరిగే దెయ్యాలంటే వేరు, నెల నిండగానే వాటి దారిన అవి పోతాయి. ఇది పదో నెలలోనూ పోలేదు, కొత్త సంవత్సరం టపాకాయలకూ పోలేదు.

నేనేం చేశానంటారా? రోజూ నాలుగింటికి, కూత రాకముందే, గుప్పెడు ఉప్పూ బియ్యం కలిపి ఆ షట్టర్ మీద కొట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసేదాన్ని. లోపలున్నది గడప దాటకూడదని. వచ్చినవాళ్లకి ఈ కథ చెప్పేదాన్ని కూడా. ఒక గుడ్డట్టు కాలేలోపు సగం కథ అవుతుంది, మిగతా సగం కోసం ఇంకో అట్టు వేయించుకునేవాళ్లు. దెయ్యం వల్ల నా వ్యాపారం బాగానే సాగింది.

కొత్త ఏడాది రెండో నెలలో బిన్ వచ్చాడు.

బిన్ అంటే వెన్‌బిన్. పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు. యాభై రెండేళ్లు, బట్టతల, నోట్లో ఎప్పుడూ ఒక పుల్ల. ఇకమీద చెప్పేదంతా అతను నా దుకాణం బల్ల మీద కూచుని చెప్పిందే. విన్నది విన్నట్టు చెబుతున్నా.

గుడివాళ్లు వదిన చేత కుట్టించుకుందామని కొత్త తెరకి డిజైన్ పంపారు. అది జిన్‌షుయి పాత కంప్యూటర్‌లో తెరుచుకోదు. తెరుచుకోవాలంటే దాని ఫర్మ్‌వేర్ మార్చాలట. అదేమిట్రా అని అడిగాను.

"కంప్యూటర్ నిద్ర లేవగానే, నువ్వెవరు, నీ చేతులెక్కడ, కళ్లెక్కడ అని దానికి చెప్పే లోపలి రాత అక్కా."

ఆ రాత మార్చే పది నిమిషాల్లో కరెంటు పోయినా, లోపలి పాత బోర్డు మొరాయించినా, అంతే సంగతులు. ఇక అది లేవదు. అలాంటి బోర్డు ఇప్పుడు వెతికినా దొరకదు. అందుకే బిన్‌కి ఒక పట్టుదల ఉంది. నడుస్తున్న పాత కంప్యూటర్‌ని, దాని మనిషి నోరు తెరిచి సరే అననిదే, ముట్టుకోడు.

మేడ ఎక్కి ఎంత అడిగినా వదిన ఆ మాట అనలేదు.

"మార్చమంటారా వదినా?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమేముంది? మారిస్తే చెడిపోవచ్చు. మార్చకపోతే గుడి పని రాదు. మీరే చెప్పాలి."

"ఏదైనా ఒకటే కదా." గోడ మీది క్యాలెండర్ చూస్తూ అంది. ఆ క్యాలెండర్ పోయిన వేసవి దగ్గరే ఆగిపోయి ఉందట.

ఏదో ఒకటి చెప్పి ఒప్పిద్దామని బిన్, "మారిస్తే చిటికెలో లేస్తుంది వదినా. ఆ పాత కూత కూడా ఉండదు, గప్‌చుప్‌గా లేస్తుంది," అన్నాడు.

అప్పుడు మాత్రం ఇటు తిరిగింది.

"కూత ఉండదా?"

"ఉండదు."

ఆమె లోపలికి వెళ్లింది. కింద పక్కతలుపు తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "రేపు చెబుతా. ఈలోపు కంప్యూటర్‌ని నువ్వే చూసుకో. ఆయన పోయాక నేను దుకాణంలోకి దిగలేదు."

బిన్ కిందికి రాగానే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "ఒరే, ముందు నా మాట విను. అది దానంతట అదే లేస్తోంది."

బిన్ నవ్వాడు. "దెయ్యం కాదక్కా, అలారం. నాలుగుంబావుకి లేవమని జిన్‌షుయి అన్నే లోపల పెట్టుకుని ఉంటాడు. వెళ్లి తీసేసి వస్తా."

నవ్వుతూ వెళ్లినవాడు పావుగంటలో వెనక్కి వచ్చాడు. నోట్లో పుల్ల లేదు.

"అలారం... లేదక్కా."

"మరి?"

"తెలీదు. బోర్డు పోయే కాలమొచ్చి తిక్కతిక్కగా లేస్తోందేమో. అలాంటిదాని మీద కొత్త రాత రాస్తే అక్కడికక్కడే చస్తుంది. ఎందుకు లేస్తోందో కళ్లారా చూడాలి."

గుడ్లు దించడానికి వచ్చిన ముసలి గావ్ పక్కనే ఉన్నాడు. "చూడు నాయనా, చూడు. రేపటి నీ అట్టు మాత్రం నాకు రాసిచ్చి వెళ్లు," అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున మూడింటికి బిన్ పక్కతలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు.

లైటు వెయ్యలేదు. దారం పెట్టెల మీద, ఒక మూల కూచున్నాడు. ఎదురుగా మిషను. దాని పక్కన కంప్యూటర్. ముందు జిన్‌షుయి కుర్చీ... ఖాళీగా.

అతని సంచిలో ఒక ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ ఉంది. కంప్యూటర్ బుద్ధిగా ఉండాలంటే దాని నెత్తిన ఆ ప్యాకెట్ ఉండాలి. ఆకుపచ్చదే ఉండాలి, గడువు దాటకూడదు. దాటిందా, మిషన్లు తిరగబడతాయి. మాలో డాక్టర్లూ, ఇంజనీర్లూ కూడా ఈ మాట కాదనరు. జిన్‌షుయి పెట్టుకున్నది ఈపాటికి గడువు దాటి ఉంటుందని బిన్ కొత్తది తెచ్చాడు.

లేచి కంప్యూటర్ మీది ప్యాకెట్ తీశాడు. టార్చి వేసి తేదీ చూశాడు.

తయారైంది... పోయిన నెల.

మనిషి పోయి ఎనిమిది నెలలు.

 బిన్ కంప్యూటర్ మీద వేలితో రుద్ది దుమ్ముందేమో చూశాడు. దుమ్ము లేదు. కుర్చీ మీద లేదు. మిషను మీద మాత్రం గుప్పెడు దుమ్ముంది. టార్చి ఆర్పేసి మళ్లీ మూలకి వెళ్లి కూచున్నాడు. 

నాలుగయింది. బయట షట్టర్ మీద జల్లున ఏదో పడింది... అది నా ఉప్పూ బియ్యమే. కానీ లోపలున్నవాడికి ఆ క్షణాన అది తట్టాలి కదా. టార్చిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడట.

తర్వాత చాలాసేపు చప్పుడు లేదు...

అప్పుడు, లోపలి మెట్ల మీద—

టప్... స్స్... టప్... స్స్...

చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో దిగుతున్నారు. ఆ నడక బిన్ ఎరుగును. నీలం రబ్బరు చెప్పులు ఈడుస్తూ నడిచేవాడు ఈ సందులో ఒక్కడే ఉండేవాడు.

చివరి మెట్టు దగ్గర ఆగింది. చీకట్లో ఒక కోటు... జిన్‌షుయి పనికోటు. భుజాల మీది నుంచి జారుతోంది. అది నేరుగా కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. తడుముకోలేదు. చెయ్యి చాచింది—

టీ—

తెర వెలిగింది. ఆ నీలం వెలుగులో మొహం కనిపించింది.

లియావ్ వదిన.

"నువ్వా బిన్," అంది. ఉలిక్కిపడింది అతనే, ఆమె కాదు.

బిన్ పెట్టెల మీంచి లేచాడు. "వదినా... కిందికి దిగలేదన్నారు కదా?"

"దిగట్లేదు. ఇది వేసి వెళ్తాను, ఆరింటికి వచ్చి ఆర్పుతాను, అంతే." కంప్యూటర్ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. "ఆయన ఇది వేసేవాడు. పైన నాకు కూత వినపడేది. వినపడగానే జావ పొయ్యి మీద పెట్టేదాన్ని. ఇప్పుడది వినకపోతే పొయ్యి వెలిగించడానికి చెయ్యి లేవట్లేదు."

"ఈ ప్యాకెట్...?"

"పాతది గడువు దాటింది. దాటితే లేవదుగా."

ఏడవలేదట. కూరలో ఉప్పెంత వెయ్యాలో చెప్పినట్టే చెప్పిందట. బిన్‌కే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎనిమిది నెలలుగా ఆమె రోజూ ఇంత కష్టపడి బతుకుతోందని ఈ సందులో ఒక్కరికీ తెలీదు.

బోర్డుకి ఏ జబ్బూ లేదు. మార్చడానికి ఇక అడ్డమూ లేదు. మళ్లీ అడిగాడు.

"మార్చమంటారా వదినా?"

"కూత ఉంచి మిగతాది మార్చగలవా?"

"కుదరదు వదినా."

"అయితే వద్దు."

"గుడి పని పోతుంది."

"పోనీ. వద్దన్నానుగా."

కాస్త గట్టిగానే అందట. ఆయన పోయాక ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి కచ్చితమైన మాట అదేనని బిన్ అన్నాడు. తన సామాను సర్దుకుని, తను తెచ్చిన ప్యాకెట్ కూడా అక్కడే వదిలి వచ్చేశాడు.

ఆరున్నరకి బిన్ నా బల్ల మీద కూచుని ఇదంతా చెప్పాడు. నేను వేసిన అట్టు ముట్టుకోలేదు. ముసలి గావ్ కూడా దాని వంక చూడలేదు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎనిమిది నెలలు దెయ్యమని ఉప్పూ బియ్యం కొట్టి నేను తరిమింది ఎవరిని? బతికున్న మనిషిని. మెట్లెక్కి ఒక్కసారి పలకరిస్తే తెలిసిపోయే సంగతి. నేను ఎక్కలేదు. అట్లు అమ్ముకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు... ఎదురుగా... కిర్రుమని చప్పుడైంది.

ఎనిమిది నెలల తర్వాత ఆ షట్టర్ కదిలింది. మోకాలెత్తు దాకా లేచి ఇరుక్కుపోయింది. కింది సందులో రెండు పాదాలు... నీలం రబ్బరు చెప్పులు. ముసలి గావ్ చేతిలోంచి రెండు గుడ్లు జారి పగిలిపోయాయి.

పాదాల పక్కన ఒక మొహం వంగింది. వదిన.

"షియుచిన్!" నా పేరు పెట్టి పిలిచింది. "ఇక ఉప్పు వెయ్యకు. తుప్పు పట్టి షట్టర్ లేవట్లేదు."

"వదినా... మీకు... తెలుసా?"

"కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాగా."

కొంగుతో మొహం కప్పుకుందామంటే నాకున్నది నూనె మరకల ఏప్రను. అదే కప్పుకున్నాను. "వదినా, నేను... అది..."

"బియ్యం మాత్రం మానకు," అంది ఆమె, తాపీగా. "నాకు గడియారం చూడబుద్ధి కాదు. నువ్వు కొట్టాకే మెట్లు దిగుతాను."