వచ్చానని చెప్పని మనిషి

"ఏవండీ, మబ్బు పట్టిందట, గొడుగు పట్టుకె..."

నీలవేణి గొంతు అక్కడే ఆగిపోయింది. గోడ మీది స్క్రీను ఎర్రబడి, 'వర్చువల్ మెమరీ చాలా తక్కువగా ఉంది' అని అక్షరాలు పడ్డాయి.

"చూశావా తల్లీ? నెల్నాళ్ళుగా ఇదే వరస," అన్నాడు విజయసారథి.

నీలవేణి పోయి నాలుగేళ్ళయింది. ఈ రోజుల్లో విశాఖపట్నంలో ఇదేమంత వింత కాదు లెండి. సముద్రం ముందుకొచ్చాక జనమంతా కొండలెక్కి ఇరవై అంతస్తుల ఇళ్ళలో ఉంటున్నారు, పోయినవాళ్ళేమో ఇంటి కంప్యూటర్లలో ఉంటున్నారు. బతికుండగా ఫోన్లలో మిగిల్చిన మాటలన్నీ పోగేసి, ఆ మనిషి గొంతుతో, ఆ మనిషి తీరులోనే మాట్లాడే ప్రోగ్రామ్ అది. పేరు 'సన్నిధి'. కెమెరా కూడా పెట్టించుకోవచ్చు గానీ విజయసారథి వద్దన్నాడు. తను కర్ర పట్టుకుని నడవడం నీల చూడకూడదట! డెబ్భై ఐదేళ్ళ మనిషికి ఏం సోకో చూడండి. అందుకని వాళ్ళింట్లో సన్నిధికి చెవులే గానీ కళ్ళు లేవు.

రిపేరుకొచ్చిన ఇంజనీరు ఆద్య నేల మీదే చతికిలబడి కీబోర్డు ఒళ్ళో పెట్టుకుంది.

"ర్యామ్ అంటే మన వంటగట్టు అనుకోండి బాబాయిగారూ. గట్టు మీద చోటు చాలకపోతే అప్పటికి అక్కర్లేని గిన్నెలు అటకెక్కిస్తాం కదా? హార్డ్ డిస్కులో అలాంటి అటకే వర్చువల్ మెమరీ. మీ ఇంట్లో గట్టూ నిండిపోయింది, అటకా నిండిపోయింది."

"అయితే అటక పెద్దది చేసెయ్యరాదూ?"

"పోయినసారి చేశానుగా! వారంలో నింపేశారు. ఇంక డిస్కులో చోటు లేదు. ఈ పాత మోడల్‌కి కొత్త ర్యామ్ ఎక్కదు."

"ఇలాగే వదిలేస్తే?"

"ఏదో ఒకరోజు మాట మధ్యలో ఆగిపోతుంది. మళ్ళీ లేవదు."

"ఒకసారి పోయింది చాలదా అమ్మా?" అన్నాడు విజయసారథి. "ఏం చేస్తావో చెయ్యి. నీలని మాత్రం పోనివ్వకు."

మెమరీని ఎవరు తింటున్నారో చూద్దామని ఆద్య లిస్టు తెరిచింది. ఒక వరుస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. 'ఎదురుచూపు: 1412.'

"ఇదేమిటి బాబాయిగారూ! మీరు వెళ్ళొస్తానని బయల్దేరగానే ఇలాంటిది ఒకటి మొదలవుతుంది. ఎటు వెళ్ళారు, ఎంతసేపయింది, వాన పడుతోందా అని లెక్కలు కడుతూనే ఉంటుంది. వచ్చానని మీరు నోటితో చెబితేనే మూతపడుతుంది. నాలుగేళ్ళలో ఒక్కరోజైనా చెప్పలేదా?"

విజయసారథి తల దించుకున్నాడు. దొరికిపోయాడు పాపం!

సంగతేమిటంటే, హార్బరులో ఓడల్ని లాగే టగ్ బోటు నడిపినన్నాళ్ళూ కాస్త ఆలస్యమైతే చాలు, నీలవేణి ఫోను మీద ఫోను చేసేది. "చచ్చానా ఏమిటి? వస్తున్నాగా!" అని కసిరేవాడు. ఇప్పుడేమో రోజూ సాయంత్రం వెళ్ళొస్తానని చెప్పి, కింద నాలుగడుగులు వేసి, తలుపు చప్పుడు కాకుండా లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంటాడు. నోరు మెదపడు. "ఇంకా రాలేదేమిటీ మనిషి? మధ్యాహ్నం కూడా సరిగ్గా తినలేదు..." అని ఆవిడ తనలో తను గొణుక్కుంటుంటే వింటాడు. అలాగే విని విని పడుకుంటాడు. పొద్దున్నే ఏమీ ఎరగనట్టు, "కాఫీ తాగుతున్నా నీలా," అంటాడు.

"నా కోసం కంగారుపడేవాళ్ళు ఇంకెవరున్నారమ్మా?" అన్నాడు.

ఆద్య కళ్ళు తుడుచుకుంది. కానీ పని పనే కదా.

"ఒక్కసారి చెప్పండి చాలు. అన్నీ మూసుకుంటాయి."

రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారికి మాట బయటికొచ్చింది. "వచ్చాను నీలా."

"వచ్చారా? హమ్మయ్య!" ఎక్కడా తెగకుండా, నిండుగా పలికింది నీలవేణి.

స్క్రీను పచ్చబడింది. మెమరీ తొంభై రెండు శాతం ఖాళీ. "ఇన్ని ఎదురుచూపుల ఫలితం ఒక్కసారే తెలిసింది కదా, ఇకనుంచి ఇంకా తెలివిగా నడుస్తుంది చూడండి," అని ఆద్య సంబరంగా సంచీ సర్దుకుంది. కాఫీ ఇచ్చి పంపాడు.

మర్నాడు సాయంత్రం వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళాడు. చప్పుడు కాకుండా తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పది నిమిషాలయింది. గంటయింది. రెండు గంటలయినా స్పీకరు పలకలేదు. మళ్ళీ పాడైందేమోనని పిలిచి చూశాడు.

"నీలా?"

"చెప్పండి."

"నేను... ఇంకా బయటే ఉన్నాను. బాగా ఆలస్యమైంది. నీకు కంగారుగా లేదూ?"

"కంగారెందుకండీ? పద్నాలుగు వందల పన్నెండుసార్లు వెళ్ళారు, అన్నిసార్లూ వచ్చారు. మీరు వచ్చేస్తారు."

కాపురం చేసిన నలభై ఏళ్ళలో ఆవిడ ఒక్కనాడూ ఇంత నిశ్చింతగా మాట్లాడలేదు.

విజయసారథి లేచి చెప్పులు తొడుక్కున్నాడు. గొడుగు అక్కడే ఉంది, తీసుకోలేదు. బయట వాన మొదలైంది. గడప దగ్గర ఆగి, గట్టిగా, ఆవిడకి బాగా వినబడేలా చెప్పాడు.

"గొడుగు లేకుండా వెళ్తున్నా నీలా. వెళ్ళొస్తా."

"సరేనండీ," అంది నీలవేణి.