జరం కాదు

పొద్దున్నే భీమమ్మ రొట్టెలు చేస్తోంది. చేతులు జొన్నపిండిలో ఉన్నాయి గాని, చెవులు మాత్రం నడింట్లోనే ఉన్నాయి. కోడలు సుమనకు మూడో నెల. చంటిదానికి ఇంకా పళ్లే రాలేదు, దాని పైన ఇద్దరు. ఈ కాన్పు వద్దని మొగుడూ పెళ్లాం ఇద్దరూ అనుకున్నారు. తగవల్లా ఎక్కడికి పోవాలన్నదే.

"బాలనాగమ్మ కాడికి పోదాం. ఇయ్యాల రమ్మన్నది," అన్నాడు గోవిందు.

బాలనాగమ్మ అంటే పక్క ఊళ్లో చాటుగా కడుపులు తీసే మనిషి. చదువు లేదు, సూది మందు లేదు, ఉన్నదల్లా ఊరికి కనపడని పెరటి గుమ్మమే.

"నేను పోను. నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖానకు పోత," అంది సుమన, పిల్లకు గౌను తొడుగుతూ.

"మతి ఉన్నదా నీకు? తెలకపల్లి దవాఖాన గోడ మీద ఏం రాసిండ్రు? కడుపు తీస్తే జైలని! నన్ను గూడ లోపలేయిస్తవా?"

"సగం సదివి ఉరికొచ్చినవ్. కడుపుల ఉన్నది ఆడపిల్లనా మొగపిల్లగాడా అని పరీక్ష చేయించి తీయిస్తే నేరమని రాసిండ్రు. మనం చేయించినమా? సూదులేసే నర్సమ్మను అడిగిన. మూడో నెలల డాక్టరమ్మ తీస్తదట, తప్పు కాదట."

"ఊరంత తెలిస్తే ఇజ్జత్ ఉంటదా? అమ్మా, నువ్వన్న చెప్పు!"

భీమమ్మ లేచి వచ్చింది. ఎప్పుడూ కొడుకు మాటకే వంత పాడే మనిషి. ఇవాళ మాత్రం పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

సుమన అత్తను సూటిగా చూసింది. "అత్తా, అనసూయ వదినె ఎట్ల సచ్చిపోయింది?"

"మా అక్క జరమొచ్చి పోయింది. ఊరందరికీ ఎరుకే," అన్నాడు గోవిందు టక్కున.

"జరం కాదురా!"

ఆ అరుపుకు చంటిది ఉలిక్కిపడింది. భీమమ్మ తన కొంగును గుప్పిట్లో పట్టుకుంది.

"బాలనాగమ్మ ఇంట్ల నా బిడ్డ మొత్తుకుంటుంటే, బయటికి ఇనబడొద్దని నా కొంగే దాని నోట్ల కుక్కిన. మూడు దినాలు నెత్తురు పోయింది. ఇజ్జత్ పోతదని దవాఖానకు తీస్కపోలే. ఎనిమిదేండ్ల సంది జరం జరమని అందరికీ అబద్ధం చెప్తున్న!"

అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. గోవిందు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. రొట్టె మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంది.

భీమమ్మ ముక్కు చీది పొయ్యి ఆర్పింది. "చెప్పులేస్కో సుమనా. నేనొస్త. ఎవడడ్డమొస్తడో చూస్త!"

ఎవడూ రాలేదు. గోవిందే పిల్లను ఎత్తుకుని ఆటో పిలిచాడు.

దవాఖానలో చీటీల కిటికీ ముందు పెద్ద వరుస. "దేనికొచ్చిండ్రు?" అని అడిగింది లోపలి అమ్మాయి. ఇంట్లో అంత గట్టిగా నిలబడ్డ సుమన తల దించుకుంది. వెనకాల తమ ఊరివాళ్లే ఇద్దరున్నారు మరి.

భీమమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ముందుకు జరిగింది. "కడుపు తీయించుకోనీకి. నా కోడలు. పేరు సుమన. రాస్కో."

"అవ్వా, జర మెల్లగ చెప్పు. అందరు ఇంటున్నరు."

"ఇననీ బిడ్డా," అంది భీమమ్మ ఇంకా గొంతు పెంచి. "మెల్లగ చెప్పబట్టే ఒకదాన్ని సంపుకున్న."