పోచర్డ్ చివర 'డ్'

భీమారావుని నేను క్షమించలేదు, క్షమించను కూడా. బిష్టుపూర్‌లో బోర్డులు రాసే నా షాపు పక్కనే అతని జిరాక్స్ షాపు. బీయే పాసయ్యాడు. నేను ఏడులోనే బడి మానేసాను. అందుకని ఇంగ్లీషు ముక్క ఏదొచ్చినా వెళ్లి అతన్నే అడిగేవాణ్ణి.

మొన్న జనవరిలో రోహిణి టీచర్ ఒక కాగితం తెచ్చింది. అగ్రికో కాలనీలో వాళ్లమ్మతో ఉంటుంది. నలభై రెండేళ్లు, పెళ్లి చేసుకోలేదు. నాకు నలభై ఆరు, నన్నెవరూ చేసుకోలేదు. డిమ్నా లేక్ దగ్గర వాళ్ల స్కూలు పిల్లలు పెట్టే బోర్డది. ఫ్లెక్సయితే గాలికి చిరిగిపోతుందని రేకు మీద రాయమంది.

"ప్లీజ్ డు నాట్ డిస్టర్బ్ ద పోచర్డ్స్."

పోచర్డ్ అంటే ఏమిటో నాకు తెలీదు. ఆమెని అడగడానికి నామోషీ. తెలీదంటే ఇంకో షాపుకి పోతుందేమోనని భయం. రంగు డబ్బు పోతుందని కాదు, ఆమె మళ్లీ రాదని.

భీమారావుని అడిగాను.

"అలాటి మాటే లేదురా పోలరాజూ. పోచర్ అని రాయబోయి తప్పు రాసీసింది. టీచర్లకీ తప్పులొత్తాయి. సరిచేసీ."

సరిచేసాను.

గురువారం బోర్డు పాతించాను. శుక్రవారం పొద్దున్నే, సన్నటి వానలో టీచర్ వచ్చింది. షాపులోకి వచ్చాక కూడా గొడుగు మూయలేదు. దాని కిందనుంచే నన్ను చూసింది. ఆడమనిషి నన్నంతసేపు చూసి చాలా ఏళ్లయింది, కోపంతోనైనా సరే.

"ఏటండీ ఆ రాత?"

"స్పెల్లింగ్ సరిచేసానండి."

"సరిచేసారా! పోచర్స్ అంటే దొంగ వేటగాళ్లు. దొంగ వేటగాళ్లని ఇబ్బంది పెట్టొద్దని బోర్డు పెట్టారు మీరు! కింద నా పేరు! జనం సెల్ఫీలు తీసుకుంటన్నారు. ఆదివారం ఓపెనింగ్, హెడ్మిస్ట్రెస్ వస్తుంది."

"మరి పోచర్డ్ అంటే ఏటండి?"

"బాతు. నీళ్లలో మునిగి తింటుంది. మగదానికి ఎర్ర తల."

"ఇక్కడోళ్లు లాల్‌సర్ అంటారే, ఆ బాతా! ఆ మాట ముందే అనాల కదండి."

"అడిగితే అందును. అడిగారా?"

నేను తల దించి బ్రష్ తుడుచుకున్నాను. ఆమెకి అర్థమైనట్టుంది. గొడుగు మూసి స్టూలు మీద కూచుంది.

"పలకండి. పోచర్డ్."

"పోచర్."

"చివర డ్ మింగేసారు. అది లేకపోతే బాతు ఎగిరిపోయి దొంగ దిగుతాడు."

"పోచర్డ్."

"శాభాష్. ఒకటైతే పోచర్డ్, నాలుగైతే పోచర్డ్స్. కాళ్లు బాగా వెనక్కుంటాయి. అందుకే నీళ్లలో హీరో, నేల మీద నడక చూడలేం."

నవ్వింది. అంతలో ఫోన్ మోగింది. గమ్హరియాలో ఫ్యాక్టరీ గేట్లకి రంగులెయ్యాలి, ఆ రోజే మొదలు. కాంట్రాక్టర్ ధర్మరాజు అరుపు షాపంతా వినిపించింది.

"ఎక్కడున్నావ్ బే? పదింటికి గమ్హరియా రాపోతే ఇంకోడికి ఇచ్చేత్తాను!"

"వెళ్లాలా?" అంది టీచర్, మెల్లగా.

రేకు గీకి, మళ్లీ రాసి, ఆరబెట్టాలంటే ఆదివారం దాకా పడుతుంది.

"అక్కర్లేదండి, అది చిన్న పనేలెండి," అని ఫోన్ కట్టేసాను.

ఆదివారం ఓపెనింగ్ బాగానే జరిగింది. హెడ్మిస్ట్రెస్ చప్పట్లు కొట్టింది, పిల్లలు సమోసాలు తిన్నారు. అందరూ వెళ్లాక మళ్లీ చినుకులు. టీచర్ గొడుగు సగం నా మీదకి జరిపింది.

"ఆ మాట పెట్టి ఒక సెంటెన్స్ చెప్పండి."

"పోచర్డ్ ఈజ్ గుడ్ ఇన్ వాటర్. ఆన్ రోడ్, నీడ్ వన్ టీచర్."

ఆమె చెరువు వైపు తిరిగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"గ్రామర్ తప్పు," అంది అటే చూస్తూ. "సాయంత్రం ఇంటికి రండి. మీ గురించి అమ్మకి చెప్పాను. ముందు నాకొకటి చెప్పండి. ఆ గమ్హరియా పనేమైంది?"

"పోయిందండి."

"నాతో అనలేదే?"

"అంటే వెళ్లిపొమ్మంటారని."

"చిన్న పనన్నారు. ఎంత చిన్నది?"

దాటేద్దామనుకున్నాను. గొడుగు కింద దాక్కోడానికి చోటు లేదు.

"ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందలు."