ఉక్కునగరంలో ఓట్రార్

"మన దగ్గరున్నది ఒక్క మాట. ఓట్రార్."

శ్రీరామ్మూర్తి సిగరెట్ నలిపేశాడు. ఫిషింగ్ హార్బర్ వెనక ఐస్ ఫ్యాక్టరీ మేడమీద ఆయన ఆఫీసు. గుమ్మం మీద 'సముద్ర ఉత్పత్తుల ఎగుమతి' అని బోర్డు. ఇంతవరకూ అక్కణ్ణుంచి ఒక్క రొయ్య కూడా ఎగుమతి కాలేదు.

"సోర్స్?" అడిగాడు ఏజెంట్ నీలకంఠం.

"గౌరీశ్వరి. ముఠా వాళ్ల రేడియో మెసేజ్‌లో వచ్చిందట. ఇవాళే, భోజనానికి ముందే పని ముగించాలనీ ఉందట. నేవీ వాళ్లు సబ్‌మెరీన్‌కే ముప్పంటున్నారు. డైవర్లు నీళ్లలోకి దిగిపోయారు."

"పైకి రమ్మనండి సర్. ఓట్రార్ అంటే ఒక ఊరు."

నీలకంఠం మూడేళ్లుగా కాలేజీలో హిస్టరీ లెక్చరర్ వేషంలో ఉన్నాడు. వేషం కోసం పుస్తకం పట్టినవాడు ఆ రుచి మరిగాడు. డిపార్ట్‌మెంట్‌లో దీన్ని జబ్బు కిందే లెక్కేస్తారు.

"చెంఘిజ్ ఖాన్ వర్తకుల బిడారుని పంపాడు. ఓట్రార్ గవర్నరు వాళ్లని గూఢచారులన్నాడు, చంపించాడు. న్యాయం అడగడానికెళ్లిన రాయబారిని ఆ ఊరినేలే ఖ్వారెజ్మ్ షా చంపించాడు. ఆ తర్వాత షా లేడు, రాజ్యం లేదు. ఓట్రార్ అంటే అతిథి హత్య సర్."

శ్రీరామ్మూర్తి ముఖం పాలిపోయింది. ఊళ్లో ఇప్పుడు అలాంటి అతిథి ఒక్కడే. డాక్టర్ బాతర్. మంగోల్ యుగం మీద సెమినార్‌కని ఉలాన్‌బాతర్ నుంచి వచ్చిన ముసలి ప్రొఫెసర్. ఆయన ఇక్కడ చస్తే ఆయన దేశానికి పెద్దన్నలాంటి దేశం ఊరుకోదు. మన ఉక్కు ఫ్యాక్టరీకి మెషీన్లు పంపేదీ, ఇంజనీర్లని పంపేదీ ఆ దేశమే. ఆ ఇంజనీర్లు పెట్టెలు సర్దుకుంటే చాలు, ఫ్యాక్టరీని ఆపించాలని చూస్తున్న ముఠా పని పూర్తయినట్టే.

"ప్రోగ్రాం కేన్సిల్ చేసెయ్."

"చేస్తే కిల్లర్ జారుకుంటాడు. రేపు ఢిల్లీలో పని ముగిస్తాడు. భోజనం వేళ కూడా తెలిసిందంటే వాడు ఆయన పక్కనే తిరుగుతున్నాడు సర్. నేను చూసుకుంటాను."

నీలకంఠం మెట్లు దిగాడు. బాతర్‌ని పిలిపించింది తనే. వచ్చిన దగ్గర్నుంచీ ముసలాయన వచ్చీరాని ఇంగ్లీషులో గుర్రప్పాల కబుర్లు, పోయిన భార్య కబుర్లు చెబుతూ 'తమ్ముడూ' అనే పిలుస్తున్నాడు. నీలకంఠానికి ఆయనంటే ప్రాణం. ఈ ఉద్యోగంలో ఉండకూడని జబ్బుల్లో ఇది రెండోది.

అంబాసిడర్ ఉక్కునగరం దారి పట్టింది. ఒక కార్మికుడి ఇంట్లో అన్నం తినాలని బాతర్ కోరిక. ముందు సీట్లో ఇంటర్‌ప్రెటర్ దోర్జ్. అసలు ఇంటర్‌ప్రెటర్‌కి ఢిల్లీలో కామెర్లొస్తే బదులు వచ్చాడు. గొర్రెల కాపరి కొడుకునని, డేరాలో పుట్టి పెరిగానని చెప్పుకున్నాడు. భాషలో ఒక్క తప్పు లేదని బాతరే మెచ్చుకున్నాడు.

వెనక సీట్లో బాతర్‌కీ నీలకంఠానికీ మధ్య గౌరీశ్వరి. నెమలికంఠం రంగు షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, ఒళ్లో చిన్న హ్యాండ్‌బ్యాగ్. పేరుకి సెమినార్ హాస్పిటాలిటీ ఆఫీసర్. ముఠా దగ్గర ఒక జీతం, శ్రీరామ్మూర్తి దగ్గర ఇంకో జీతం.

నీలకంఠం చెవిలో వినికిడి యంత్రంలా పెట్టుకున్న రేడియో గరగరలాడింది. అందులోంచి శ్రీరామ్మూర్తి గొంతు: "గౌరీశ్వరి బ్యాగ్‌లో పిస్టల్ ఉంది. మనమిచ్చింది కాదు."

గౌరీశ్వరి అతని వైపు ఒరిగింది. "నన్ను అనుమానిస్తన్నారా మాస్టారూ?"

"అనుమానించకపోతే ఉద్యోగం పోతుంది."

"నమ్మితేనో?"

"ప్రాణం పోతుంది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఏ జీతం కిందికొస్తుందో అతనికి అంతుపట్టలేదు.

క్రేన్ ఆపరేటర్ అర్జునరావు క్వార్టర్ ముందు కారాగింది. శుక్రవారం. గడపకి రాసిన పసుపు ఇంకా ఆరలేదు. అర్జునరావు భార్య పైడితల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"రండి బాబూ, రండి. ఇల్లు సిన్నదే గానీ సేపల పులుసు బాగుంటాది."

అందరూ బూట్లు విప్పారు. బాతర్ ప్యాంటు కాస్త ఎత్తి పట్టుకుని, పడుకున్న పసిబిడ్డని దాటినట్టు గడప దాటాడు. వెనకే దోర్జ్ గడప మీద నిండుగా కాలేసి లోపలికొచ్చాడు. తెల్ల సాక్స్‌కి పసుపు అంటుకుంది.

"ఏటి బాబూ, గడప తొక్కీసినారు! లచ్చిందేవి కాదేటి!" పైడితల్లి ఉలిక్కిపడింది.

"పోన్లేయే, పైదేశమోడు. ఆడికేటి తెలుస్తాది," అన్నాడు అర్జునరావు.

పైదేశం వాడే. కానీ ఏ దేశం?

నీలకంఠం ఆ సాక్స్ వైపే చూశాడు. మంగోలు డేరాకీ చెక్క గడప ఉంటుంది. అది తొక్కితే ఇంటి యజమాని మెడ తొక్కినట్టే. ఖానుల గుడారం దగ్గర ఆ తప్పుకి తల పోయేది. ఇప్పటికీ డేరాలో పుట్టిన పిల్లకి నడకతోపాటు ఆ పట్టింపూ నేర్పుతారు. బాతర్ కూడా ఆ సాక్స్ వైపు ఒకసారి చూసి, మర్యాదకి చూపు తిప్పుకున్నాడు.

చాపలు పరిచారు. ఆకులు వేశారు. బాతర్ చొక్కా చెయ్యి మడిచాడు. ఆయన షుగర్ పేషెంట్. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసేది దోర్జే. ఇది రోజూ జరిగేదే, అందుకే ఎవరూ అటు చూడలేదు.

దోర్జ్ సిరంజి నింపాడు.

నీలకంఠం దగ్గరున్న సాక్ష్యం ఒక పసుపు సాక్స్. అది తప్పయితే పరాయి దేశపు మనిషి మీద చెయ్యి చేసుకున్నట్టు. ఉద్యోగం పోతుంది, దేశం పరువూ పోతుంది. నిజమైతే తమ్ముడూ అని పిలిచే మనిషి పోతాడు. సూది చర్మానికి తగిలింది.

అతను పైడితల్లి చేతిలోని పప్పుచారు గిన్నె లాక్కుని దోర్జ్ చేతి మీద కుమ్మరించాడు.

కేక. సిరంజి ఎగిరి గోడకి కొట్టుకుంది. దోర్జ్ రెండో చెయ్యి బెల్టు బకిల్ లాగింది. బకిల్ వెనక నుంచి సన్నటి కత్తి వచ్చి బాతర్ గొంతు మీద ఆగింది. అదే క్షణంలో గౌరీశ్వరి పిస్టల్ తీసింది. గొట్టం నీలకంఠం ఛాతీకి ఎదురుగా ఉంది.

"వంగండి మాస్టారూ!"

వంగాడు. జీవితంలో మొదటిసారి అనుమానించకుండా ఒక పని చేశాడు. తూటా అతని నెత్తి మీదుగా వెళ్లి దోర్జ్ భుజంలో దిగింది. కత్తి జారి ఆకులో పడింది. అర్జునరావు వాణ్ణి బోర్లా పడేసి మీద కూర్చున్నాడు.

గౌరీశ్వరి పిస్టల్ కింద పెట్టింది. "రెండేపులా జీతం తీసుకున్నాను. సంపడానికి మాత్రం ఎవరికాడా తీసుకోనేదు," అని గోడకి జారగిలబడి ఏడ్చేసింది.

సిరంజిలో ఉన్నది ఇన్సులిన్ కాదని లేబొరేటరీ సాయంత్రానికి తేల్చింది.

బాతర్ నీలకంఠం వైపు తిరిగి అన్నాడు: "వాడి నాలుకకి బాగా నేర్పారు. కాళ్లకి నేర్పడం మర్చిపోయారు. అయితే నువ్వు లెక్చరర్‌వి కాదన్నమాట."

నీలకంఠానికి సిగ్గేసింది. ఓట్రార్ సంగతంతా చెప్పేశాడు.

"ఓట్రార్ గవర్నరు అనుమానం పూర్తిగా తప్పు కాదు. ఆ వర్తకుల్లో గూఢచారులు ఉండే ఉంటారు," ముసలాయన అతని భుజం మీద చెయ్యేశాడు. "అయినా నాకు వర్తకుడు నచ్చాడు తమ్ముడూ."

చెవిలో యంత్రం మళ్లీ గరగరలాడింది. "కంగ్రాట్స్ నీలకంఠం. కాలేజీకి రిజైన్ చేసెయ్. వచ్చేవారం నుంచి నీ పోస్టింగ్ కాండ్లా పోర్టు."

"మార్చి దాకా కుదరదు సర్."

"ఏం?"

"పిల్లలకి పరీక్షలు. క్లాసులో మంగోలులు ఇంకా బాగ్దాద్ చేరలేదు."