చిట్టి చింపిన బియ్యం ప్యాకెట్టు

శనివారం పొద్దున ఎనిమిదింటికి చిట్టి ఉమ్మడి వంటగదిలో ఫ్రిజ్ తెరిచింది. ఆరుగురు విద్యార్థులకి ఒకే ఫ్రిజ్, మనిషికో అర. చిట్టి అరలో మూడు రొట్టె ముక్కలు, సీసా అడుగున కాస్త జామ్ ఉన్నాయి. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం మీద ఈ దేశం వచ్చి రెండు నెలలైంది. ఆరు కిలోలు తగ్గింది. ఇంకా నాలుగు నెలలుండాలి.

ఇక్కడ శనివారం మధ్యాహ్నం రెండింటికి కొట్లు మూస్తే మళ్లీ సోమవారమే తెరుస్తారు. మొదటి వారం ఆ సంగతి తెలియక ఆదివారమంతా మంచినీళ్లతో గడిపింది. రెండో వారం కూరగాయలు బుట్టలో వేసుకుని కౌంటర్ దగ్గరికి వెళితే, తూకం వేసుకుని చీటీ అంటించుకురమ్మని వెనక్కి పంపారు. వరసలో వెనకున్న పెద్దాయన గడియారం చూసుకున్నాడు. చిట్టి బుట్ట అక్కడే పెట్టి బయటికి వచ్చేసింది.

ఎవరితోనైనా చెప్తే నవ్వుతారు. చిట్టి వాళ్ల నాన్నది కిరాణా కొట్టు. ముప్పై ఏళ్లుగా ఆయన్ని అందరూ షావుకారనే పిలుస్తారు. కొట్టు వెనకే ఇల్లు. పప్పు నిండుకుంటే అమ్మ తలుపు సందులోంచి కేకేసేది, నాన్న పొట్లం అందించేవాడు. చిట్టి పుట్టి బుద్ధెరిగాక ఒక్క సరుకు కొన్న పాపాన పోలేదు.

ఫోన్ మోగింది. వీడియోలో నాన్న, ఆయన వెనక డబ్బాల వరస.

"ఏం తిన్నావు?"

"తిన్నాలే నాన్నా."

"ఏం తిన్నావంటే తిన్నాలే అంటావేంటి? మొహం దగ్గరగా పెట్టు. దవడలు చూడు, ఎలా పీక్కుపోయాయో."

"అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందని..." వెనకనుంచి అమ్మ గొంతు.

"అల్లుడు ఇంకా రాలేదు. శని మటుకు ముందే వచ్చింది." నాన్న కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇదిగో, చెప్తున్నా విను. ఇవాళ నువ్వు అన్నం వండుకుని నా ఎదురుగా తినాలి. లేదంటే రేపే టికెట్టు తీస్తా. వచ్చేయ్. చదువు ఎక్కడైనా చదవచ్చు."

కాలేజీలో రెండు వందల మందిలోంచి ఇద్దర్ని ఎంపిక చేసి పంపారు. మధ్యలో వెళ్లిపోతే ఈ అర్ధ సంవత్సరం లెక్కలోకి రాదు. చిట్టి కొట్టుకి వెళ్లి బియ్యం కొంటానంది.

"నువ్వు కొనడమేంటి? అక్కడికెళ్లి ఫోన్ తిప్పి చూపించు. ఏది తీసుకోవాలో నేను చెప్తా."

పదకొండింటికి చిట్టి బియ్యం అరల ముందు నిలబడింది. పన్నెండు రకాలున్నాయి. ఏ పేరూ తెలిసింది కాదు. ఫోన్లో ఎవరో చక్కెర అడుగుతున్నారు. "కాసేపాగమ్మా, మా అమ్మాయి సరుకులు కొంటోంది" అంటున్నాడు నాన్న.

"కవర్లోంచి ఏం తెలుస్తుంది? విప్పు."

"విప్పకూడదేమో నాన్నా."

"గింజ కొరకకుండా బియ్యం ఎవరు కొంటారే? నా కొట్లో ప్రతి బస్తా మూతి విప్పి పెడతాను. రెండు గింజలు కొరుకు. టక్కుమంటే పాతవి. పిండి పిండి అయితే కొత్తవి."

చిట్టి ప్యాకెట్టు మూల పట్టుకుని లాగింది. అది అడుగుదాకా చినిగింది. సగం బియ్యం నేలమీదికి జారాయి. అప్పటికే రెండు గింజలు నోట్లో ఉన్నాయి.

సూపర్‌వైజర్ వచ్చింది. చిట్టిని కౌంటర్ వెనక గదిలోకి తీసుకెళ్లి, కుర్చీ చూపించి, గుర్తింపు కార్డు అడిగింది. ఫోన్ బల్లమీద ఉంది.

"టక్కుమందా లేదా? చిట్టీ, చెప్పవేం?"

"ఎవరది?" అంది సూపర్‌వైజర్.

"మా నాన్న. ప్యాకెట్టు విప్పమన్నాడు."

"ఆయన ఇక్కడున్నాడా?"

"లేడు."

"మరి ఇక్కడున్నది నువ్వు కదా. నువ్వెందుకు విప్పావు?"

చిట్టి గుర్తింపు కార్డు తీసి ఇచ్చింది. సూపర్‌వైజర్ పుస్తకంలో ఆమె పేరు రాసుకుంది. మళ్లీ జరిగితే లోపలికి రానిచ్చేది లేదంది. మిగిలిన బియ్యం వేరే సంచిలో పోసి, వెల తీసుకుని ఇచ్చింది.

వంటగదికి వచ్చాక చిట్టి తనే ఫోన్ చేసింది.

"దొంగని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు నాన్నా."

"వాళ్లకి వ్యాపారం తెలీదు. గింజ చూపించనివాడూ ఒక..."

"నీకు తెలీదు."

చిట్టి సంచి బల్లమీద పెట్టింది.

"ఇక్కడ ఎవరూ ఏదీ విప్పరు. ఎవరి కూరగాయలు వాళ్లే తూచుకోవాలి. ఇరవై ఏళ్లు కొట్టు వెనకే పెరిగాను. ఏనాడైనా నన్ను ఒక్క సరుకు ఎంచనిచ్చావా? పొట్లం కట్టి చేతిలో పెట్టావు. ఇవాళ పన్నెండు రకాల ముందు నిలబడితే ఏది తీయాలో తెలియలేదు. వండుకోలేక కాదు నాన్నా నేను తిననిది. కొట్లోకి వెళ్లాలంటే భయం. రొట్టె గుమ్మం పక్కనే ఉంటుంది. అందుకే రోజూ రొట్టె."

"నాన్నతో మాట్లాడే పద్ధతేనా ఇది?" అంది అమ్మ.

"ఉండవే. చెప్పనీ." నాన్న లేచి వెళ్లి కొట్టు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. పట్టపగలు ఆయన ఆ పని చేయడం చిట్టి ఎప్పుడూ చూడలేదు. "నీకు కష్టం తెలియకుండా పెంచాననుకున్నా."

"తెలియకుండానే పెంచావు. ఇప్పుడు తెలుస్తోంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏవీ ఆ బియ్యం, చూపించు" అన్నాడు. చిట్టి అరచేతిలో పోసి చూపించింది. పొట్టిగా, గుండ్రంగా ఉన్నాయి.

"గ్లాసుకి ఎన్ని నీళ్లు పోయాలి?"

"నాకు తెలీదమ్మా. ఇలాంటివి నేనెప్పుడూ అమ్మలేదు."

సరుకు గురించి ఆయన నోట ఆ మాట చిట్టి వినడం అదే మొదలు. ఆమె గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. ఇద్దరూ గిన్నె వైపు చూస్తూ కూర్చున్నారు. మూత తీస్తే అన్నం ముద్ద కట్టింది.

"నీళ్లు ఎక్కువయ్యాయి" అంది చిట్టి. "ఈసారి తగ్గించాలి."

"ఎంత?"

"రేపు వండి చెప్తా."

ఆ ముద్దలోనే ఉప్పేసుకుని తింది. వేడికి నాలుక కాలింది. అయినా ఆపలేదు. గిన్నె ఖాళీ అయ్యేసరికి ఫోన్లో నాన్న మొహం పక్కకి తిరిగి ఉంది.

"ఏడుస్తున్నారేంటండీ?" అంది అమ్మ.

"మిరపకాయల బస్తా పక్కన కూర్చున్నానే."

"అది నిన్ననే అయిపోయిందిగా."

చిట్టి నవ్వబోయింది. నవ్వు రాలేదు. లేచి గిన్నె కడిగింది. "కూరగాయలకి వెళ్తున్నా. ఫోన్ ఇక్కడే పెట్టేస్తా."

నాన్న ఏదో చెప్పబోయి మానుకున్నాడు. "సరే. వెళ్లిరా."

"మరి టికెట్టో?" అంది అమ్మ.

"పరీక్షలయ్యాక ఏ తేదీకి కావాలో అదే చెప్తుంది. అప్పుడు తీద్దాం."

చిట్టి ఫోన్ బల్లమీద బోర్లించి సంచి తీసుకుంది. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. ఆగి ఏడవడానికి తీరిక లేదు. కొట్టు మూయడానికి ఇరవై నిమిషాలే ఉన్నాయి.