డీజిల్ మేస్త్రి

ఆదివారం పొద్దున్నే రసూల్‌బీ డాబా మీద మిరపకాయలు తిరగేస్తోంది. ఆ ఘాటు కింద వరండాలోకి దిగేసరికి ఆమె భర్త ఉస్మాన్ గట్టిగా తుమ్మి, టీ గ్లాసును వెలుగుకెత్తి చూశాడు. గోళ్ళ కింద నల్లగా జిడ్డు పట్టిన వేళ్ళ మధ్య ఆ టీ ఇంకా పల్చగా కనబడింది.

"ఇది టీనా? గ్లాసు కడిగిన నీళ్ళా?"

"గ్లాసు కడిగిన నీళ్ళే. తాగండి, పొట్టకి మంచిది," అంది పైనుంచి రసూల్‌బీ.

ఉస్మాన్ కంటికి ఏదీ ఆనదు. పక్కింటివాళ్ళు కొన్న కొత్త బండి రేకు డబ్బా. అద్దంకిలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్కులంతా బోల్టు ఎటు తిప్పాలో తెలియని దద్దమ్మలు. బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి ఊళ్ళో అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. ఆ పిలుపు వినబడినప్పుడు మాత్రం ఆయన ముఖంలో విసుగు ఉండదు.

కోడలు నగ్మాకు టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారమే చేరాలి. ఆ ఊరికి సరైన బస్సు లేదు, దారి పొడుగునా పత్తి చేలు. భర్త ఖలీల్ మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడు, సీజన్లో ఎప్పుడు వస్తాడో ఎప్పుడు పోతాడో అతనికే తెలియదు. అందుకే ఇంటి ముందున్న పాత పెట్రోలు కారును నమ్ముకుని నగ్మా డ్రైవింగ్ నేర్చుకుంది. బుధవారం అద్దంకి వీధుల్లో ఒక చుట్టు తిప్పుకొచ్చి, "ఇంజను కొంచెం మిస్సింగ్ కొడుతోంది మామయ్యా" అంది.

"మిస్సింగ్ ఇంజన్లో లేదు. స్టీరింగ్ పట్టుకున్న మనిషిలో ఉంది," అన్నాడాయన.

ఆ మాట పట్టించుకోకుండా ఆమె పొన్నూరులో పుట్టింటికి వెళ్ళి, అక్కడే కొత్త ప్లగ్గులూ వైర్లూ కొనుక్కుంది. శనివారం సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంట్లో ఉస్మాన్ తీర్పు సిద్ధంగా ఉంది.

"ఆ కారు చచ్చిపోయింది. రేపు అబ్దుల్లా వచ్చి పాత ఇనుము కింద లాక్కుపోతాడు."

"మరి నా ఉద్యోగం?"

"మానెయ్. నువ్వు చెప్పకపోతే పిల్లలకి అక్షరాలు రావా ఏంటి?"

నగ్మా ఖలీల్ వైపు చూసింది. అతను ఫోన్ వైపు చూశాడు. ఆమె సంచిలోంచి కొత్త వైర్లు తీసి బల్ల మీద పెట్టింది. "పొద్దున నేను మారుస్తాను మామయ్యా. అప్పటికీ నడవకపోతే అబ్దుల్లా బాబాయ్ తీసుకుపోనీండి. నేను ఉద్యోగం మాటెత్తను."

ఉస్మాన్ నవ్వాడు. అది నవ్వులా లేదు, ఉమ్మినట్టుంది.

ఆ మాట ప్రకారమే ఆదివారం టీలు అయ్యాక ఆమె చున్నీ నడుముకు బిగించి బానెట్ ఎత్తింది. ఉస్మాన్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నావ్ ఈ విద్య?"

"ఫోన్లో వీడియో చూశాను."

"ఫోన్లో చూసి వంట చేశావ్, కుక్క ముట్టుకోలా. ఇప్పుడు ఇంజనా?"

ఇంజను పక్కన ఎలుకలు పెట్టుకున్న దూది గూడు కనబడింది. ఒక వైరుకు పంటి గాట్లున్నాయి. ఎలుకలు రాకుండా రసూల్‌బీ కట్టిన ఎండుమిరపకాయల మూట కూడా ఒక మూల కొరికి ఉంది.

"అద్దంకి ఎలుకలు. కారం తగలందే ముద్ద దిగదు వాటికి," అన్నాడు ఉస్మాన్. "దాన్ని కట్టిన మహాతల్లి తెలివి కూడా చూడు."

నగ్మా ఒక వైరును మొదట్లో పట్టుకుని మెల్లగా లాగింది. చుట్టూ ఉన్న దుమ్ము తుడిచి, పానాతో పాత ప్లగ్గు విప్పింది. కొత్తదాన్ని ముందు వేళ్ళతోనే తిప్పి, తర్వాత పానాతో బిగించి, దానికి కొత్త వైరు తొడిగింది. అది టక్‌మని కూర్చుంది.

"ఒక్కొక్కటీ ఏంది, పెళ్ళికూతురికి గాజులు తొడిగినట్టు? అన్నీ ఒక్కసారే పీకి అవతల పారెయ్. ఇట్టాగైతే తెల్లారుద్ది."

"అట్టా పీకకూడదంట మామయ్యా. ఒకదాని పని అయ్యాకే రెండోది ముట్టుకోవాలి. లేకపోతే ఏది ఎక్కడిదో తారుమారవుద్ది. ఇక బండి నడవదు."

ఉస్మాన్ ఎండ తగులుతోందని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కుర్చీ అప్పటికే నీడలో ఉంది.

నాలుగూ మార్చేసరికి అబ్దుల్లా తాడు తీసుకుని ట్రాలీ ఆటోలో దిగాడు. నగ్మా లోపల కూర్చుని తాళం తిప్పింది. కారు మనిషికి చలిజ్వరం వచ్చినట్టు ఊగింది. ఢాం ఢాం అని టపాకాయల్లా పేలింది. డాబా మీద కాకులన్నీ లేచిపోయాయి. ఇంజను ఆగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అదే.

"అయిందా పండగ?" ఉస్మాన్ గొంతు లేచింది కానీ చూపు కోడలి మీద లేదు. "అబ్దుల్లా, తాడు కట్టు."

నగ్మా తలుపు తీసుకుని దిగింది. కళ్ళలో నీళ్ళు, చెంప మీద జిడ్డు.

"మీరు మెకానిక్కేగా మామయ్యా! లేచి ఒక్కసారి వంగి చూడొచ్చుగా? పొద్దుటి నుంచీ బోల్టులన్నీ నోటితోనే బిగించారు!"

"నగ్మా, పెద్దాయనతో..." అని వరండాలోంచి ఖలీల్ మొదలుపెట్టాడు.

"నువ్వు నోరు తెరిచావా? నిన్నటి నుంచి ఇదే మొదటి మాట. అదీ నా మీదకే!"

రసూల్‌బీ చేట పట్టుకుని మెట్లు దిగుతూ అంది: "ఆయన్నెందుకు అడుగుతావమ్మా? ఉద్యోగమంతా డీజిల్ బస్సుల కింద దొర్లాడు. వాటికి ప్లగ్గులెక్కడివి? ఆయనే చెప్పాడు నాకు, డీజిల్ బండికి ఈ గొడవలేమీ ఉండవని."

అబ్దుల్లా తాడు విప్పుతున్నవాడల్లా ఆగాడు.

నగ్మా ముక్కు తుడుచుకుని మళ్ళీ వంగింది. వైర్లన్నీ ఒక నల్లటి మూతలోంచి బయలుదేరుతాయి. ప్లగ్గులకు నిప్పు ఒక వరసలో అందాలి. ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఆమె ఒక్కో వైరునూ వేలితో తడుముతూ పోయింది. మధ్యలో రెండు అటూ ఇటూ అయ్యాయి.

కానీ ఆమె పాతది తీసిన చోటే కొత్తది పెట్టింది. అంటే పాతవే తారుమారై ఉన్నాయి. బుధవారం కారు నడిచింది. ఆ తర్వాత తను ఊళ్ళో లేదు.

ఆమె తల తిప్పి మామగారిని చూసింది. రిటైరయ్యాక పానా పట్టని ఆ చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. గోళ్ళ కింది నలుపు ఇప్పుడు చూసింది. ఆ చూపు పడగానే ఆయన వేళ్ళు ముడిచాడు.

నగ్మా రెండు వైర్లూ మార్చి తొడిగి, వెళ్ళి తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. ఊగలేదు, పేలలేదు. ఒకే తీరుగా నడుస్తోంది.

"ఏమైందమ్మా ఇంతకీ?" అన్నాడు అబ్దుల్లా.

"ఎలుకలు బాబాయ్. వైర్లని అటూ ఇటూ లాగేసినయ్."

"ఎలుక వైరు పీకి మళ్ళీ తొడుగుద్దా?" అంది రసూల్‌బీ.

"అద్దంకి ఎలుకలు కదత్తయ్యా."

అబ్దుల్లా పగలబడి నవ్వాడు. ఉస్మాన్ కుర్చీలోంచి లేచాడు.

"ఆపు. ఎలుకంట ఎలుక! నన్ను దాని వెనక దాస్తావా? నీ జాలి ఎవడిక్కావాలి?" అని అరిచాడు. తర్వాత గొంతు దిగింది. "నేనే పీకా. నాలుగూ ఒక్కసారే పీకా, దద్దమ్మని. నువ్వొచ్చేసరికి బాగు చేసి పెడదామనుకున్నా. ఏది ఎక్కడిదో తెలవలా. తెలవదని చెప్పటానికి నోరు రాలా. కారు తీసుకుపొమ్మని చెప్పటానికి మాత్రం వచ్చింది." అబ్దుల్లా ముందు నిలబడి ఒక్కో మాటా ఒత్తి పలికాడు. "మేస్త్రి అనే పేరు పోతుందని పిల్ల ఉద్యోగం తీసేయబోయా. ఊళ్ళో అందర్నీ అన్నాను. నాకంటే పనికిమాలినోడు ఎవడూ లేడు."

రసూల్‌బీ చేట కింద పెట్టింది. ఆయన తనను తాను తిట్టుకోవడం ఆమె ఎన్నడూ వినలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఖలీల్ ఫోన్ జేబులో పెట్టి, అబ్దుల్లా చేతిలోని తాడు తానే చుట్టి ఆటోలో వేశాడు.

నగ్మా ఎడమవైపు తలుపు తెరిచి పట్టుకుంది. "ఎక్కండి మామయ్యా. బడి దాకా దారి చూసొద్దాం."

సొంత కారులో ఆయన ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చున్నాక లుంగీ అంచుతో కళ్ళు తుడుచుకుని, అద్దం మీద దుమ్మును తిట్టాడు.

"క్లచ్ మీంచి కాలు తియ్. అది ఫుట్‌బోర్డు కాదు."

"తీశాను."

ఊరు దాటింది. రెండు వైపులా ఏరడం అయిపోయిన పత్తి చేలు, అక్కడక్కడా కొమ్మలకు దూది పోగులు. చాలాసేపటికి ఆయన బయటికి చూస్తూనే అడిగాడు.

"ఆ వరస ఏందీ?"

"ఒకటి, మూడు..."

"రెండేమైంది?"

"చివర్లో వస్తుంది. ఒకటి, మూడు, నాలుగు, రెండు."

"ఎవడు పెట్టాడో. దిక్కుమాలిన వరస," అన్నాడు ఉస్మాన్.

బడి కనబడుతుండగా నగ్మా ఒకసారి పక్కకు చూసింది. ఆయన పెదవులు కదులుతున్నాయి. మోకాలి మీద వేలితో తడుతూ, తప్పు పోయినప్పుడల్లా మళ్ళీ మొదటికొస్తూ, ఆ వరస నేర్చుకుంటున్నాడు.