మూడో మెషిన్ రిపేరు

అబ్దుల్ సలాం జీపు పులివెందుల కొండదారిలో బోల్తా కొట్టి లోయలో పడింది. బ్రేకు పైపును ఎవరో ముందే కోసి పెట్టారని మర్నాడు తెలిసింది. సలాం జియాలజిస్టు. సీక్రెట్ ఏజెంటు హుమాయున్‌తో నాలుగేళ్లు ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాడు. జనాజా నమాజులో నిలబడి, మట్టి వేసి, చేతులు కడుక్కుని హుమాయున్ హోటల్‌కు పోయి టీ తాగాడు. దుఃఖం వస్తుందేమోనని కాసేపు చూశాడు. అది రాలేదు.

వారం తిరగకముందే జమ్మలమడుగు ట్రావెలర్స్ బంగళాలో చీఫ్ హనుమంతయ్య బ్రీఫింగ్ ఇచ్చాడు. అది 1966 వేసవి. సలాం మూడేళ్లు కొండలన్నీ తిరిగి చేసిన ఖనిజ సర్వే మొత్తం చిల్లులు పొడిచిన పద్దెనిమిది వందల పంచ్ కార్డుల్లోకి ఎక్కింది. ఏ గుట్టలో ఎంత లోతున ఏముందో ఆ చిల్లులే చెబుతాయి. కార్డులు ప్రొద్దుటూరులో, యూనివర్సిటీ మెషిన్ సెక్షన్ ఇనప్పెట్టెలో ఉన్నాయి. వాటికోసం తిరుగుతున్న విదేశీ ముఠాలో ఒకణ్ని గుర్తుపట్టినందుకే సలాం ప్రాణం పోయింది.

"దొంగ దొరక్కున్నా బాధ లేదప్పా. కార్డులు మాత్రం దేశం దాటగూడదు. దాటినాయంటే సలాం ఊరికే సచ్చిపోయినట్టు," అన్నాడు హనుమంతయ్య.

హుమాయున్‌కు ఆ సెక్షన్ సూపర్‌వైజర్ వేషం. పేరు మార్చుకోనక్కర్లేదు. ఆ పోస్టు రెండేళ్లుగా ఖాళీ కాబట్టి ఎవరొచ్చినా సంబరపడతారు. చొక్కా గుండీలో కెమెరా అమర్చి ఇచ్చారు గానీ చాకలి మొదటి ఉతుకులోనే దాన్ని బండకేసి బాదాడు. సెక్షన్‌లో ముందునుంచే ఉన్న మన ఏజెంటు గుర్తుమాటగా 'కరెంటు ఎప్పుడు పోయింది?' అని అడుగుతుందన్నారు. ప్రొద్దుటూరు ఎండాకాలంలో ఆ మాట అడగని మనిషి ఉండడని హైదరాబాదు పెద్దలకు తట్టలేదు. మొదటి రోజే నలుగురు అడిగారు. అయిదో మనిషి పుష్పావతి.

పుష్పావతి పంచింగ్ ఇన్‌చార్జి. మద్రాసులో ట్రైనింగ్, నైలాన్ చీర, నల్లకళ్లద్దాలు. ఆమె నడిచొస్తుంటే బంగారు కొట్లలో బేరాలు ఆగేవి. డిపార్ట్‌మెంట్ ఆజ్ఞ మీద ముఠాలో చేరి, వాళ్లకు అబద్ధాలు మోసే డబుల్ ఏజెంటు. ఇనప్పెట్టె తాళం ఆమె దగ్గరే ఉండేది. సలాం కబుర్లు ఆమె అడిగితే హుమాయున్ చెప్పేవాడు. ఎవరి సంగతో చెబుతున్నట్టుండేది.

నిజానికి గూఢచర్యానికి తీరికే దొరకలేదు. కార్డులు వేరుచేసే సార్టర్ మెషిన్ వాటినే నమిలేసేది, ఆపరేటర్లు సెలవులు పెట్టేవారు, మార్కుల లిస్టులు యాడ అని పొద్దున లేస్తే రిజిస్ట్రార్ ఫోను. హుమాయున్‌కు ఆ గొడవ హాయిగానే ఉండేది, ఎందుకంటే అందులో ఏదీ తలుచుకోవాల్సిన పని లేదు. మూడో పంచింగ్ మెషిన్ చెడిపోయిందని పుష్పావతి కంప్లయింట్ రిజిస్టర్ తెచ్చినప్పుడు చదవకుండానే సంతకం పెట్టాడు. మెకానిక్ వచ్చేలోగా విప్పి చూస్తానని ఆమె దాన్ని వెనకగదికి తోయించి, మూడు రోజులు ఒక్కతే తలుపు వేసుకుని కూర్చుంది. నాలుగో రోజు తల్లికి జబ్బని మైదుకూరుకు సెలవు పెట్టింది.

ఆ పొద్దున సెక్షన్ ఊడ్చే సైదాబీ చీపురు చేతబట్టుకుని వచ్చింది. ఆమె ఇరవై ఏళ్లు కంసాలి అంగడి ఊడ్చిన మనిషి. ఆ వీధిలో చెత్త పారేయరు. ఏ పనివాడి పీట కింద రాలింది ఆ పొట్లంలోనే కడతారు, తర్వాత కడిగి బంగారు రజను తీస్తారు. ఇక్కడా అదే అలవాటు. కార్డులకు చిల్లులు పడ్డప్పుడు రాలే కాగితం ముక్కల్ని ఏ మెషిన్‌వి ఆ మెషిన్‌కు విడిగా కట్టి పెట్టేది. అందరూ నవ్వేవారు.

"మూడో దాని కింద శానా రాలింది సార్. పొట్లాలు యాడ పెట్టేది?"

"అది మూడు దినాలుగా పనిజేయలేదు కదమ్మా."

"ఏమో సార్. ఆయమ్మ ఇంటికి పోయినాక ఊడిస్తే దినానికొక పొట్లం అయింది. నేనేమన్నా చేత్తో చించి పోస్తినా?"

హుమాయున్ పొట్లం విప్పి చూశాడు. మెషిన్ చెడలేదు. తలుపు చాటున సలాం కార్డులన్నిటికీ నకళ్లు తయారయ్యాయి. దానికి తానే సంతకం పెట్టాడు.

నల్లకళ్లద్దాల ఆడమనిషి ఏ బస్సు ఎక్కిందో బస్టాండు బస్టాండంతా చెప్పింది. మైదుకూరు బస్సు కాదు, ఎర్రగుంట్ల బస్సు. యూనివర్సిటీ జీపు ఎర్రగుంట్ల స్టేషన్ చేరేసరికి బొంబాయి మెయిల్ కూత వేసింది. పుష్పావతి ఒక అట్టపెట్టెను కిటికీలోంచి రైల్లో ఉన్న ఒక సూటు మనిషికి అందిస్తోంది. హుమాయున్ ఒక్క దూకున పెట్టెకు కట్టిన పురికొస పట్టుకున్నాడు. రైలు కదిలింది. రెండు బోగీల దూరం పరుగెత్తాక పురికొస తెగింది, అడుగు అట్ట ఊడింది, కార్డులన్నీ ప్లాట్‌ఫాం మీద పడ్డాయి. సూటు మనిషి ఖాళీ పెట్టెతో బొంబాయి పోయాడు.

పుష్పావతి పారిపోలేదు.

"సలాంను సంపుతారని నాకు తెలీదు సార్."

"వాడు ఆ దినం ఏ దారిన పోతాడో వాళ్లకు చెప్పిందెవరు?"

"నేనే."

పోలీసులు తీసుకుపోయేదాకా హుమాయున్ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. కోపం రాలేదు, రానందుకు సిగ్గేసింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, పోర్టర్లతో కలిసి కార్డులు ఏరాడు. ప్రతి కార్డు పైవరసలో సలాం పేరు అచ్చయి ఉంది. మూడు వందలు ఏరేసరికి అది పేరులా కనబడటం మానేసింది. అయినా పద్దెనిమిది వందలూ ఏరాడు. లెక్క సరిపోయింది.

హనుమంతయ్య శభాష్ అని టెలిగ్రాం కొట్టాడు. ఇన్‌చార్జి జైల్లో ఉన్నా సోమవారానికి పి.యు.సి. రిజల్ట్స్ రావాల్సిందేనని రిజిస్ట్రార్ ఇంకో టెలిగ్రాం కొట్టాడు. హుమాయున్ మెషిన్ ముందు కూర్చుని మార్కుల కార్డులు రెండు వేళ్లతో కొట్టాడు. రిజల్ట్స్ సోమవారమే వచ్చాయి, పరీక్ష తప్పాల్సిన పన్నెండుమంది అందులో పాసయ్యారు.

విదేశీ ముఠా మీద ఎంక్వయిరీ పది రోజుల్లో ముగిసింది. ఆ పన్నెండుమంది మీద ఎంక్వయిరీ ఇంకా నడుస్తోంది.